దొంతరలో అడుగు పుస్తకం

తడిగుడ్డను బకెట్టులో ముంచి, రెండు చేతులతో మెలిపెట్టి పిండి, ఎలుబి మళ్ళీ మోకాళ్ళ మీద వంగింది. వరండా సగం అయింది. మిగతా సగమంతా ఎర్రమట్టి అడుగులే. రాత్రి కురిసిన జల్లుకు టీ తోటల దారులు బురదయ్యాయి. ఆ బురద మనుషుల కాళ్ళకు అంటుకొని, తెల్లవారకముందే నమ్వేరా ఆరోగ్య కేంద్రానికి వచ్చేసింది. ఎలుబి తుడిచిన చోటే ఎవరో ఒకరు మళ్ళీ అడుగు వేస్తూనే ఉన్నారు. ఇరవై రెండేళ్ళుగా తుడుస్తున్న వరండా అది. తుడిచింది తుడిచినట్టు ఉండదని ఆమెకు తెలుసు.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. వెడల్పాటి భుజాలు, చిన్న తల, దగ్గరగా కత్తిరించిన జుట్టు. ఎడమ మోకాలు వంచినప్పుడల్లా చిన్నగా చప్పుడు చేస్తుంది. వేళ్ళ చివర నల్లటి సన్నని గీతలున్నాయి. చిన్నప్పుడు తల్లి పక్కన నిలబడి టీ ఆకు తుంచిన రోజులవి. ఎంత బ్లీచింగ్ నీళ్ళలో ముంచినా పోలేదు. ఒంటి మీద నీలం యూనిఫారం. దాని మీద నడుముకు చుట్టుకొన్న చితెంజె గుడ్డ. ఆ గుడ్డ మడతలో, బొడ్డుకు ఎడమ పక్కన, ఇవాళ ఒక పుస్తకం దోపుకొని ఉంది. వంగినప్పుడల్లా దాని మూల కడుపులో గుచ్చుకొంటోంది.

నమ్వేరాలో ప్రతి మనిషికీ ఒక ఆరోగ్య పుస్తకం ఉంటుంది. దాన్ని ఆస్పత్రి దాచుకోదు. ఎవరి రోగం వాళ్ళ ఇంట్లో, వాళ్ళ మూటలోనే ఉంటుంది. డాక్టరు రాసేదీ అందులోనే. పొద్దున వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో పుస్తకాలను వరండా బల్ల మీద దొంతరగా పేరుస్తారు. ఆ తరవాత మనిషి ఎండలో కూర్చున్నా, గోడవారన నిద్రపోయినా పరవాలేదు. వరసలో ఉండేది పుస్తకమే. దూరం వాళ్ళు, పొద్దునే లేస్తామో లేదో నమ్మకం లేనివాళ్ళు ముందురోజు సాయంత్రమే వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి, పైన నున్నటి ఏటిరాయి ఉంచి వెళ్ళిపోతారు. రాయి కింది పుస్తకాన్ని ఎవరూ కదపరు. నేల మీద పడిన పుస్తకం కనిపిస్తే ఎవరిదని అడగరు, తెరిచి చూడరు. తీసి దొంతరలో దూరుస్తారు. పాపం, వాళ్ళ వరస పోకూడదని.

ఎలుబి పనుల్లో తుడవడం ఒకటి. దొంతరను తిరగేసి, పైనుంచి ఒక్కొక్క పుస్తకమే తీసి, అట్ట మీది పేరు చదివి పిలవడం రెండోది. పొద్దున ఉపన్యాసం చెప్పడం మూడోది. అది ఆమె ఉద్యోగంలో రాసి లేదు. చెప్పవలసిన నర్సు బదిలీ అయి, మరొకరు రాక, గొంతు పెద్దదని ఆమెకు అంటగట్టారు.

ఇవాళ డాక్టరు మ్క్వాతె గారి ఆఖరి రోజు. నిజానికి ఆయన డాక్టరు కాడు, మెడికల్ అసిస్టెంటు. కానీ పదిహేడేళ్ళుగా ఈ కొండ కింది పల్లెలకు ఆయనే డాక్టరు. పక్క క్వార్టరు ముందు అప్పుడే ఒక ట్రక్కు ఆగి ఉంది. మంచం, రెండు కుర్చీలు, తాళ్ళతో కట్టిన పెట్టె ఎక్కించారు. ఆయన జాగాలో వచ్చిన అమ్మాయి పేరు తమండ. ఇంకా ముప్పై నిండలేదు. మూడు రోజులుగా ఆయన పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని చూస్తోంది.

నెలనెలా మాత్రలు తీసుకొనేవాళ్ళందరినీ ఇవాళ రమ్మని కబురు చేశారు. రక్తపోటు వాళ్ళు, మూర్ఛ వాళ్ళు, ఆలోచనలు ఎక్కువైన వాళ్ళు, అంటే మనసుకు దిగులు పట్టినవాళ్ళు. ఆ మూడోవాళ్ళు పంతొమ్మిది మంది. ఒక్కొక్కరినీ కొత్త డాక్టరమ్మకు తనే స్వయంగా అప్పగించి వెళ్తానని మ్క్వాతె గారు పట్టుబట్టాడు. నెల కిందటే ఆయన ఎలుబిని గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అన్నాడు.

"ఎలుబమ్మా, పద్దెనిమిది మందిని అప్పగించగలను. చచ్చిపోయినామెను ఎట్లా అప్పగించేది? నీ పేరుతో ఒక పుస్తకం తెచ్చుకో."

తెచ్చుకొంటానంది. కొట్టుకు వెళ్ళి కొత్త పుస్తకం కొనుక్కొంది కూడా. చీపుర్లు పెట్టే గదిలో, బ్లీచింగ్ సీసాల వెనక నెల రోజులుగా అది ఖాళీగా పడి ఉంది. పేరు రాయవలసిన గీత దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఆరు మాత్రలే మిగిలాయి. ఇవాళ కాకపోతే ఇక చెప్పుకోవడానికి ఆ గదిలో తెలిసినవాళ్ళెవరూ ఉండరు. అందుకని పాత పుస్తకాన్నే నడుముకు దోపుకొని వచ్చింది. జనం పలచబడ్డాక, మధ్యాహ్నం ఏ ఒంటిగంటకో, చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళి రావాలని అనుకొంది.

బెంచీ కిందికి దూరి ఆ మూల తుడుస్తున్నప్పుడు పొద్దున ఇంట్లో జరిగింది గుర్తుకొచ్చింది. చెల్లెలి కూతురు మొడెస్తా గడపలో కూర్చొని ఉంది. నాలుగు నెలల బిడ్డ చాప మీద గుక్కపట్టి ఏడుస్తోంది. పొయ్యి మీద జావ అడుగంటి పొగ వస్తోంది. ఆ పిల్ల మాత్రం తన కాలి బొటనవేలు వైపే చూస్తూ ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల. హైస్కూలు చివరిదైన నాలుగో ఫారం దాకా చదివింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి తల దువ్వుకోవడం కూడా మానేసింది. ఎలుబి జావ కుండ దించుతూ, "ఆలోచిస్తూ కూచుంటే కుండ ఉడుకుతుందా? లే. ఇవాళ బిడ్డ తూకం ఉంది" అని కసిరింది. మాట నోటి నుంచి వెళ్ళాక, ఆ మాటే అంతకు ముందు ఎవరితో అన్నదో గుర్తొచ్చి, గబగబా చెప్పులు వేసుకొని బయటపడింది.

వరండా తుడవడం అయింది. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి వేసి వెనక్కి వంగింది. ఎండ అప్పుడే కొండ భుజం దాటి బెంచీల మీద పడుతోంది. ఎనభై మందికి పైనే ఉన్నారు. మందుల కిటికీ తెరిచి లామెక్ తల బయటపెట్టాడు. మాత్రలు లెక్కపెట్టి పొట్లాలు కట్టేది అతనే. ఎలుబి బల్ల మీది రేకు కప్పుతో నీళ్ళు తాగుతుంటే చూసి, "పొద్దున్నే మూడో కప్పు. కడుపులో చేపల్ని పెంచుతున్నావా అక్కా?" అన్నాడు. జనం నవ్వారు. ఎలుబి కూడా నవ్వింది. రాత్రి వేసుకొనే మాత్ర వల్ల నోరు పిడచగట్టుకుపోతుందని అతనికి తెలియదు. ఆ మాత్రలు ప్రతినెలా లెక్కపెట్టి పొట్లం కట్టేది అతనే. పొట్లం మీద ఉండేది వేరే పేరు. అతను ఇక్కడికి వచ్చి మూడేళ్ళే, ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. నడవలేని మనిషికి ఇచ్చి వస్తానని చెప్పి ఎలుబి పట్టుకెళ్తుంది.

ముందు పాట పాడించింది. చప్పట్లు కొడుతూ ఆడవాళ్ళు అందుకొన్నారు. తరవాత ఉపన్యాసం. ఇవాళ నెల మాత్రల వాళ్ళు వచ్చారు గనక ఏం చెప్పాలో డాక్టరు గారు ముందే చెప్పాడు.

"మనిషి గుమ్మంలో కూచుని లేవకపోతే సోమరితనం అనకండి. చేతబడి అని మంత్రగాడి దగ్గరికి పరిగెత్తకండి. కాలు విరిగితే సిగ్గుపడతామా? మనసు విరిగితే ఎందుకు సిగ్గు? మాత్ర వేసుకోగానే తగ్గిపోదు, మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. తగ్గింది గదా అని మానకూడదు. డాక్టరు మానమనే దాకా మానకూడదు. విన్నారా?"

విన్నామన్నారు. ఈ మాటలు ఆమె కొన్ని వందల సార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె చూపు జనం తలల మీదుగా, అవతల నీళ్ళ పంపు దగ్గరికి పోతుంది. ఎవరి కళ్ళలోకీ చూసి చెప్పలేదు.

బిడ్డల తూకం వైపు మొడెస్తా వచ్చి కూర్చొని ఉంది. బిడ్డ వీపున కట్టి ఉంది. వచ్చినందుకు ఎలుబికి కొంచెం ఊపిరి ఆడింది.

దొంతరను తిరగేసి పిలవడం మొదలుపెట్టింది. పుస్తకం తీయడం, పేరు చదవడం, లోపలికి పంపడం. ఆ పనిలో చెయ్యి, కన్ను, నోరు వాటంతటవే నడుస్తాయి. తల వేరే ఎక్కడో ఉంటుంది. ముప్పై మందిని పిలిచి ఉంటుంది. ఒక పుస్తకం తీసింది. పంచదార పొట్లం నీలి కాగితంతో అట్ట వేసిన పుస్తకం.

"ఫలెసి నజొంబె" అని పిలిచింది.

పిలిచాక చెవికి వినపడింది. పెద్ద గొంతు. కొండకు తగిలి వెనక్కి వచ్చినట్టనిపించింది. చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. గుడ్డ మడతలో ఏమీ లేదు.

బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. ఎలుబి వాళ్ళ పల్లె నుంచి వచ్చిన ఒకామె, "ఫలెసి పోయి నాలుగు వానలు దాటాయి గదా" అంది. ముందు వరసలో కూర్చొన్న ముసలమ్మ అమాయకంగా, "బెంచీ కింద దొరికింది తల్లీ, నువ్వు తుడిచిన చోటే. ఎవరి వరసా పోకూడదని నేనే పెట్టాను" అంది. వెనక నుంచి ఎవడో, "చచ్చాక కూడా మనకి ఈ వరస తప్పదన్నమాట" అన్నాడు. నవ్వులు లేచాయి.

ఎలుబి నవ్వలేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. కప్పు వైపు చెయ్యి చాచింది గాని ఎత్తలేదు. "పాత పుస్తకం" అంది. "పెట్టె సర్దేటప్పుడు నా గుడ్డల్లో కలిసి ఇక్కడ పడిపోయినట్టుంది." అని దాన్ని దొంతర అడుగున పెట్టేసింది. ఆ అబద్ధం ఎంత సులభంగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కానీ ఒక మనిషి లేచి నిలబడింది. నాలుగు నెలలుగా ఏ పిలుపుకూ ఒక్కసారికి లేవని పిల్ల ఆ పేరుకు లేచింది. బిడ్డను వీపున వేసుకొని బల్ల దాకా నడిచి వచ్చింది.

"అమ్మ పుస్తకమా, పెద్దమ్మా?"

"తరవాత."

"సమాధి నాడు ఎంత వెతికాం. అమ్మ కప్పు, పళ్ళెం గోతిలో పెట్టాం గాని పుస్తకం దొరకలేదన్నావు."

"తరవాతన్నాను గదా. వెళ్ళి బిడ్డను తూకం వేయించు."

మొడెస్తా వెళ్ళింది. తూకం వేయించింది. తిరిగి వచ్చి బల్లకు ఎదురుగా, గోడకు ఆనుకొని నేల మీద కూర్చొంది. ఎలుబి పిలుస్తూనే ఉంది. ఒక్కొక్క పుస్తకం తీస్తుంటే దొంతర తగ్గుతోంది. జానెడు. బెత్తెడు. నాలుగు వేళ్ళు. గొంతు తగ్గిందని వెనకవాళ్ళు గోల చేశారు. ఒకామె పేరు రెండుసార్లు తప్పు చదివింది. ఆఖరి పుస్తకం కూడా లోపలికి వెళ్ళాక నీలి అట్ట ఒక్కటే బల్ల మీద మిగిలింది.

మొడెస్తా లేచి వచ్చి దాన్ని తీసుకొంది. ఎలుబి ఆపలేదు.

ఆ పిల్ల నిలబడే తిరగేసింది. మొదటి పేజీలో తల్లి పుట్టిన ఊరు, బరువు. తరవాత జ్వరాలు. ఆ తరవాత ఒక మందు పేరు, మూడు నెలలు వరసగా. అక్కడ ఏడాదికి పైగా ఖాళీ. మళ్ళీ అదే మందు, అదే చేతిరాత. నెల తరవాత నెల. వేలు తేదీల మీద కిందికి జారుతూ పోయి, కిందటి నెల దగ్గర ఆగింది.

"అమ్మ పోయాక కూడా ఆస్పత్రికి వస్తూనే ఉందా?" అంది. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

ఎలుబి ఆమె మోచెయ్యి పట్టుకొని, ఆస్పత్రి వెనక, తుడుపుగుడ్డలు జాడించే పంపు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చొంది. మొడెస్తా నిలబడే ఉంది. బిడ్డ ఆమె వీపు మీద నిద్రపోతోంది.

ఎలుబి చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యలోంచి మొదలుపెట్టింది. ఫలెసి తనకన్నా అయిదేళ్ళు చిన్నది. టీ ఆకు కోసేవాళ్ళలో అందరికన్నా బిగ్గరగా పాడేది. మొగుడు పోయిన ఏడు ఆ పాట ఆగిపోయింది. గడపలో కూర్చొని లేచేది కాదు. ఆస్పత్రిలో పనిచేసే అక్క అయ్యుండి, ఎలుబి ఆమెను కసిరిందే గాని ఆస్పత్రికి తీసుకురాలేదు. కడుపునొప్పని ఫలెసి తనంతట తానే వస్తే, మ్క్వాతె గారు మనసు జబ్బు తెలుసుకొనే తొమ్మిది ప్రశ్నలు అడిగి, అది కడుపునొప్పి కాదని కనిపెట్టాడు. మాత్రలిచ్చాడు. మూడో నెలలో ఒక సాయంత్రం ఫలెసి మొక్కజొన్నలు దంచుతూ పాడింది. ఆ పాట విని ఎలుబి సంతోషించింది. సంతోషంతోనే ఆ తప్పు చేసింది.

"ఇక చాల్లే అన్నాను. బాగున్న మనిషి మాత్రలు మింగుతుంటే ఊరేమంటుంది, ఆస్పత్రిదాని చెల్లెలికి పిచ్చంటారు, నీ కూతురి మొహం ఎవడు చూస్తాడు అన్నాను. పుస్తకం తీసుకెళ్ళి నా పెట్టెలో దాచేశాను. పుస్తకం లేకపోతే మాత్ర ఎక్కడిది?"

మొడెస్తా వీపు మీది బిడ్డ కట్టును బిగించుకొంది.

"రెండు నెలలకి మళ్ళీ కూలబడింది. వానల్లో, నువ్వు బడి హాస్టల్లో ఉన్నప్పుడు, జ్వరం వచ్చింది. అందరికీ వచ్చేదే. లేచి నడిస్తే గంట దూరం. ఆస్పత్రికి పోదాం రమ్మని పక్కింటివాళ్ళు పిలిస్తే, ఎందుకులే అందంట. మూడు రోజులు అట్లాగే పడుకుంది. ఆ మూడు రోజులూ నేనిక్కడ ఈ వరండా తుడుస్తున్నాను. జ్వరం కాదమ్మా మీ అమ్మని తీసుకెళ్ళింది. ఆ 'ఎందుకులే'."

సమాధి నాడు పుస్తకం ఎలుబి పెట్టెలోనే ఉంది. పెడితే ఎవరైనా తెరిచి చదువుతారేమోనని పెట్టలేదు. మరుసటి ఏడు తనకూ తెల్లవారుజామున మెలకువ రావడం, అన్నం మట్టిలా అనిపించడం మొదలైంది. ఆ పుస్తకం పట్టుకొని మ్క్వాతె గారి గదికి వెళ్ళింది, జరిగింది చెప్పేద్దామని. చెప్పలేక ఏడ్చింది. ఆయన తొమ్మిది ప్రశ్నలూ అడిగి, చెయ్యి చాచాడు. ఆ పుస్తకమే ఇచ్చింది. ఇది నీ పేరు కాదన్నాడు. తెలుసంది. ఆయన చెల్లెలి ఆఖరి తేదీ కింద కొంత చోటు వదిలి, రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి మాత్ర తగ్గించి చూశారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. రాత్రి మాత్ర మింగే ప్రతిసారీ, ఇది ఫలెసి మానేసిన మాత్ర, దాని బదులు నేను మింగుతున్నాను అనుకొనేది. అట్లా అనుకొంటే తన జబ్బు తనది కానట్టుండేది.

అంతా విని మొడెస్తా పుస్తకాన్ని మూసింది. తన గుడ్డ మడతలో దోపుకొంది.

"ఇది మా అమ్మది" అంది.

వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఎలుబికి అనిపించింది. పంపు కింద గుడ్డ జాడించింది. జాడించిన గుడ్డనే మళ్ళీ జాడించింది.

రెండు గంటలకు వీడ్కోలు పెట్టారు. ఫాంటా సీసాలు, మందాసి బూరెలు. ఊరి పెద్ద లేచి మాట్లాడాడు. ఈ డాక్టరు సూదికి మా మేకలు కూడా భయపడేవని అంటే అందరూ నవ్వారు. రెండు కోళ్ళను కాళ్ళు కట్టి ట్రక్కులో పెట్టారు. మ్క్వాతె గారు ఇవాళ టై కట్టుకొన్నాడు. పదిహేడేళ్ళలో టై కట్టుకోవడం ఎవరూ చూడలేదు. మాట్లాడమంటే రెండే మాటలు మాట్లాడి కూర్చొన్నాడు. తరవాత ఫాంటా సీసా చేత్తో పట్టుకొని, స్తంభం దగ్గర నిలబడిన ఎలుబి పక్కకు వచ్చాడు.

"పద్దెనిమిది మందిని అప్పగించాను" అన్నాడు. "పొద్దున నువ్వు పిలిచిన పేరు నాకూ వినపడింది."

ఎలుబి తల వంచుకొని, మొడెస్తాకు అంతా చెప్పేశానని, పుస్తకం ఆ పిల్ల పట్టుకుపోయిందని చెప్పింది. ఆయన సీసా మూతను వేళ్ళ మధ్య తిప్పాడు.

"నీ ఒక్కదానిదే కాదు ఎలుబమ్మా. నాలుగో నెల ఆమె రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగాలి. రోజూ నా గది తుడిచే మనిషి ఆమె అక్క. ఒక్క మాట అడిగితే సరిపోయేది. జనం ఎక్కువన్నాను, పని ఎక్కువన్నాను. తరవాత నీకు రాయడం మొదలుపెట్టాను. అబద్ధం పేరు మీద రాస్తున్నానని తెలిసి కూడా రాశాను. అట్లా రాస్తే నాకూ కొంచెం ఊరటగా ఉండేది." సీసా కింద పెట్టాడు. "ఇక నేను రాయను. లోపల ఆ అమ్మాయి ఉంది. వెళ్ళు."

చీపుర్ల గదిలోకి వెళ్ళి, సీసాల వెనక నుంచి ఖాళీ పుస్తకం తీసింది. అట్టకు బ్లీచింగ్ వాసన పట్టింది. డాక్టరు గది గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగింది. ఆ గదిలో ప్రతి మూలా ఆమెకు తెలుసు. బల్ల కాళ్ళ కింద ఎక్కడ దుమ్ము చేరుతుందో తెలుసు. రోగులు కూర్చొనే ఎత్తు స్టూలును రోజుకు రెండుసార్లు తుడుస్తుంది. మ్క్వాతె గారి ముందు ఏడ్చిన ఆ ఒక్క రోజు కూడా నేల మీదే కూర్చొంది గాని దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చొంది. అనుకొన్నంత ఎత్తు లేదు.

తమండ ఆమెను చూసి, గది తుడవడానికి వచ్చిందనుకొని కాళ్ళు పక్కకు తీసుకొంది. తరవాత పుస్తకం చూసింది. కలం అందుకొంది.

"పేరు చెప్పండమ్మా."

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు బూరెలు తింటున్నారు. మందుల కిటికీ పక్కనే. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పేర్లు పిలిచిందో ఆమె. తన పేరు ఆ గదిలో ఎన్నడూ పలకలేదు.

"ఎలుబి నజొంబె" అంది. గొంతు తన గొంతులాగే వచ్చింది, పెద్దగా. బయట నమలడం ఆగిన చప్పుడు వినపడింది.

"ఏం ఇబ్బంది?"

"ఆలోచనలు ఎక్కువ."

అట్లా అనే ఆడవాళ్ళను వేలమందిని చూసింది. వాళ్ళందరూ ఆ మాట నేల వైపు చూస్తూ ఎందుకు అంటారో ఇప్పుడు తెలిసింది. తమండకు పొద్దున ఉపన్యాసం గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఆ సంగతి ఎత్తలేదు. ఏ మాత్ర, ఎన్నేళ్ళు, ఎన్ని మిగిలాయి అని అడిగింది. ఆరు అని ఎలుబి చెప్పింది. తొమ్మిది ప్రశ్నలూ ఒక్కొక్కటే అడిగింది. నిద్ర. తిండి. ఒంట్లో సత్తువ. ఎనిమిదో ప్రశ్న దగ్గర బయట ట్రక్కు స్టార్టయింది. మనుషులు గుమిగూడిన అలికిడి, కోళ్ళ అరుపు, ఎవరో పాట ఎత్తుకోవడం. లేవాలనిపించింది. వెళ్ళి వస్తానని కూడా చెప్పించుకోలేదు ఆయన చేత.

తమండ కలం ఎత్తి పట్టుకొని ఆగింది. "వెళ్ళొస్తారా?"

ఎలుబి తల అడ్డంగా ఊపింది. "తొమ్మిదోది అడగండి."

తొమ్మిదోది, బతకడం ఎందుకని ఎప్పుడైనా అనిపిస్తుందా అన్నది. "ఇప్పుడు లేదు. మునుపుండేది. మళ్ళీ వస్తే వచ్చి చెప్తాను" అంది. ట్రక్కు చప్పుడు గేటు దాటి, టీ తోటల మలుపు దగ్గర పలచబడి, ఇక వినపడలేదు.

పుస్తకం పట్టుకొని మందుల కిటికీకి వెళ్ళింది. లామెక్ మందు పేరు చూశాడు, పైన మనిషి పేరు చూశాడు. మాత్రలు పళ్ళెంలో పోసి, చాకు మొనతో అయిదేసి చొప్పున జరిపి లెక్కపెట్టాడు. పొట్లం మీద పేరు రాశాడు. రాసి, రేకు కప్పు నిండా నీళ్ళు నింపి పొట్లంతో పాటు ఇవతలికి జరిపాడు.

"చేపలు కాదన్నమాట" అన్నాడు మెల్లగా.

"కాదు" అంది ఎలుబి.

సాయంత్రానికి ఆవరణ ఖాళీ అయింది. ట్రక్కు చక్రాల జాడల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఫాంటా సీసాలు ఏరి గోడవారన పెట్టింది. ఇంటికి వెళ్ళాలి. ఆ పిల్ల మొహం ఎట్లా చూడాలి? పొద్దున తాను కసిరిన మాట గడపలోనే ఉంటుంది, తొక్కకుండా లోపలికి వెళ్ళడానికి లేదు. తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాలి ఆ పిల్లను. చూపిద్దాం రా అని తాను ఏ నోటితో అనాలి? తానంటే ఆ పిల్ల ఎందుకు వింటుంది?

చీపురు తీసుకొని వరండా మొదటి నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. బూరెల తునకలు, సిగరెట్టు ముక్క, ఎవరి తలలోనిదో ఊడిన పూస ఒకటి. బల్ల దగ్గరికి వచ్చి, దాన్ని పక్కకు జరుపుదామని అంచు పట్టుకొంది.

బల్ల మీద ఏటిరాయి ఉంది. రాయి కింద ఒక పుస్తకం ఉంది.

నీలి అట్ట కాదు. స్కూలు నోటు పుస్తకంలోంచి చించిన గళ్ళ కాగితంతో వేసిన అట్ట. దాని మీద బడిలో నేర్చుకొన్న గుండ్రటి అక్షరాలతో, ఎవరైనా దూరం నుంచి కూడా చదవగలిగేటంత పెద్దగా, పేరు రాసి ఉంది. మొడెస్తా నజొంబె. రేపటి వరసలో మొదటిది.

ఎలుబి బల్లను జరపలేదు. చుట్టూ ఊడ్చింది. తాళం వేసి మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. రాయి పుస్తకానికి సరిగ్గా నడిమధ్యన ఉంది. కొండ మీంచి దిగిన గాలికి గళ్ళ కాగితం అంచు ఒక్కటే లేచి, పడి, మళ్ళీ లేస్తోంది.